మల్లయ్యకు సగం శోకం

మల్లయ్యకు చావంటే భయం లేదు. చచ్చాక తన మీద పడి ఏడ్చే ఆడమనిషి లేదన్నదే ఆయన భయం. వేరే ఊళ్లో అయితే ఇది పెద్ద సంగతి కాకపోవచ్చు. కొంగలగడ్డలో మాత్రం పరువుకు సంబంధించిన విషయం.

కొంగలగడ్డ కృష్ణ నడుమ ఉన్న దీవి. గద్వాల నుంచి ఆటోలో ఒడ్డు దాకా వచ్చి, అక్కడ పుట్టి ఎక్కాలి. పుట్టి అంటే మనుషులు కూర్చునే పెద్ద వెదురు గంప, అడుగున తారు పూసిన పట్టా. దీవిలో మిరప, ఉల్లి, వేరుశనగ పండుతాయి. మేకలు మనుషుల కంటే ఎక్కువ. కరెంటు తీగలు ఏరు దాటి వచ్చాయి గానీ, కరెంటుకే ఈత సరిగ్గా రాదు. వంతెన కట్టిస్తామని ప్రతి ఎన్నికల్లోనూ ఎవరో ఒకరు వచ్చి చెబుతారు. ఆ మాట చెప్పడానికి మల్లయ్య పుట్టిలోనే వస్తారు, చెప్పి అందులోనే వెళ్తారు. వాళ్లు కట్టనంత కాలం తన బతుక్కు ఢోకా లేదని మల్లయ్య అన్ని పార్టీలనూ సమానంగా గౌరవిస్తాడు.

దీవిలో ఎవరైనా పోతే ఆడవాళ్లు పీనుగ పక్కన కూర్చుని శోకం పెడతారు. అన్నా అనో, మామా అనో వరుసతో పిలుస్తూ, రాగం తీస్తూ, పోయినవాడి బతుకంతా ఏకరువు పెడతారు. ఎవరికి అన్నం పెట్టాడు, ఎవరి నోట్లో మన్ను కొట్టాడు, అంతా అందులో వస్తుంది. అబద్ధం ఆడకూడదు. బతికుండగా మాటలు లేకపోయినా పీనుగతో మాట్లాడొచ్చు. పగ అక్కడికి సరి. ఎవరికి ఎంత మంచి శోకం దొరికిందన్నది ఆ తర్వాత చాలాకాలం అరుగుల మీద నడిచే చర్చ.

మల్లయ్య పెండ్లాం పెళ్లయిన కొత్తలోనే మక్తల్‌లో పుట్టింటికి వెళ్లింది. చుట్టూ నీళ్లుంటే తనకు నిద్ర పట్టదని అక్కడే ఉండిపోయింది. పిల్లల్లేరు. ఉన్న ఒక్క అక్క తనకంటే ముందే పోయింది, మంచి శోకమే దక్కించుకుని. ఇక మల్లయ్య కోసం నోరు తెరిచేవాళ్లు లేరు. ఆ మధ్య వానాకాలంలో యాదయ్య పోయాడు. ఏరు పొంగి కూతుళ్లు దాటి రాలేకపోయారు. సంతకు ఉల్లి బస్తా మోసుకెళ్లినట్టు ఆయనను చప్పుడు లేకుండా మోసుకెళ్లి పాతిపెట్టారు. మోసినవాళ్లలో మల్లయ్య ఒకడు.

"నన్ను గిట్ల మొయ్యకుండ్రి," అన్నాడు మల్లయ్య తిరిగొచ్చి, కృష్ణయ్య దుకాణం ముందు కూలబడుతూ.

కృష్ణయ్యది ఉప్పు, బీడీలు, సబ్బులు అమ్మే దుకాణం. దీవి మొత్తానికి డీవీడీ ప్లేయరు ఉన్నది ఆయన దగ్గరే, అందుకని ఆయన మాటకు కొంత బరువుంది. "మరెట్ల మొయ్యాలె? బ్యాండు మేళం పెట్టాల్నా?" అన్నాడు.

శోకంలో కొంగలగడ్డ కిష్టమ్మను మించినవాళ్లు ఈ ఒడ్డునా లేరు, ఆ ఒడ్డునా లేరు. ఒంటరి మనిషి. మిరప తోట, కొన్ని మేకలు, ఒక గొంతు ఆమె ఆస్తి. ఆమె ఎత్తుకుంటే పీనుగకు బద్ధశత్రువైనవాడు కూడా తువ్వాలుతో కళ్లు ఒత్తుకునేవాడు. చిక్కల్లా ఏమిటంటే, కిష్టమ్మకూ మల్లయ్యకూ మాటల్లేవు.

కారణం ఒక మేక. కొన్నేళ్ల కింద కిష్టమ్మ దాన్ని గద్వాల తీసుకెళ్తూ పుట్టి ఎక్కించింది. ఏటి నడుమ అది ఎగిరి నీళ్లలో దూకింది. మొసలి తిన్నదో, కొట్టుకుపోయిందో, మళ్లీ కనిపించలేదు. మల్లయ్య తోక తొక్కాడని కిష్టమ్మ అంటుంది. మేకకే బుద్ధి లేదని మల్లయ్య అంటాడు. దీవికి ఉన్నది ఒక్క పుట్టే కాబట్టి ఆమె ఎక్కక తప్పదు. ఎక్కి, ఆయనకు వీపు పెట్టి కూర్చుంటుంది. సుడి దగ్గర పుట్టి తిరిగినప్పుడు మల్లయ్య తెడ్డు పట్టుకుని ఈ అంచు నుంచి ఆ అంచుకు మారాలి. ఆయన మారినప్పుడల్లా కిష్టమ్మ కూడా జరుగుతుంది, వీపు గురి తప్పకుండా. ఏదైనా చెప్పాల్సి వస్తే పక్కవాళ్లకు చెబుతుంది. పక్కన ఎవరూ లేకపోతే ఒళ్లో ఉన్న గంపకు చెబుతుంది. "గంపా, జర రాయి కాడ ఆపుమని ఆయనకు చెప్పు." మల్లయ్య కూడా గంపకే జవాబిస్తాడు.

ఇలాంటి మనిషి తన పీనుగ పక్కన కూర్చుంటుందన్న ఆశ మల్లయ్యకు లేదు. యాసర్ రాకపోతే ఉండేదీ కాదు.

యాసర్ గద్వాలలో ఫోటో స్టూడియో నడిపేవాడు. రీళ్ల కాలం పోయి అందరి చేతికీ కెమెరా ఫోన్లు వచ్చాక సగం స్టూడియో సెల్‌ఫోన్ల దుకాణమైంది. 2008లో హైదరాబాదు సంస్థ ఒకటి అతన్ని వెతుక్కుంటూ వచ్చింది. కొంగలగడ్డ సంస్కృతిని, ప్రకృతిని, సంగీతాన్ని డిజిటల్‌గా దాచి, ఇంటర్నెట్‌లో పెట్టి ప్రపంచానికి పంచుతారట. యాసర్ తన కంప్యూటర్‌లో సంస్కృతి, ప్రకృతి, సంగీతం అని మూడు ఫోల్డర్లు తెరిచి, ఒక కెమెరా, అరచేతిలో ఇమిడే రికార్డరు పట్టుకుని పుట్టి ఎక్కాడు. ప్రపంచానికి కొంగలగడ్డ దిక్కు చూసేంత తీరిక ఎప్పుడు దొరికిందో ఊరివాళ్లకు అర్థం కాలేదు. కానీ ఫోటోలో పడతామంటే కాదనేవాళ్లెవరూ కనిపించలేదు.

సంస్కృతి కోసం బాలమణి జొన్నరొట్టెలు కొట్టింది. వెలుతురు చాలలేదని యాసర్ మళ్లీ మళ్లీ కొట్టించాడు. ఆ రోజు ఊరి కుక్కలకు పండుగ. సంగీతం కింద భజన, పీర్ల పండుగ డప్పు ఎక్కాయి. ప్రకృతే మొండికేసింది. మొసలి కోసం ఒక రోజంతా కాచుకుంటే, కెమెరాలో బ్యాటరీ అయిపోయాక అది వచ్చి బండ మీద తీరిగ్గా పడుకుంది. కొంగల అరుపులు పట్టుకోవడానికి తెల్లారకముందే ఏటి గట్టున రికార్డరు పెడితే, అందులో పడ్డది మల్లయ్య దగ్గు. మధ్యలో ఎక్కడో ఒక కొంగ కూడా ఉంది. హైదరాబాదు సార్లకు అది బాగా నచ్చింది. అలా మల్లయ్య దగ్గు ప్రకృతి ఫోల్డర్‌లో చేరింది.

చివరికి శోకం మిగిలింది. యాసర్ వెళ్లేసరికి కిష్టమ్మ ఇంటి ముందు మిరపకాయల తొడిమలు తీస్తోంది. దినుసు చూడ్డానికి వచ్చినట్టు కృష్ణయ్య, బాలమణి, ఇంకో నలుగురు చుట్టూ చేరారు. మల్లయ్య దూరంగా గోడకు ఒరిగి నిలబడ్డాడు.

"శోకం గావాల్నట పెద్దమ్మా. హైదరాబాదు సార్లు అడిగిండ్రు," అన్నాడు యాసర్.

"పీనుగ ఏది?" అన్నది కిష్టమ్మ.

"పీనుగ లేదు. ఊకెనే పాడు, రికార్డు చేసుకుంట."

"ఊకెనే పాడనీకె అది పాటనా? పీనుగ లేకుండ శోకం పెడితే అది ఊరంత తిరిగి ఎవరినో ఒకరిని పట్టుకుంటది. నిన్నే పట్టుకుంటే, మీ అమ్మ కుల్సుమ్‌బీకి నేనేం జవాబు చెప్పాలె?"

యాసర్ రికార్డరును కొంచెం వెనక్కి జరుపుకున్నాడు. "పోనీ, బతికున్నోళ్లను ఎవరినన్న పండబెడితే?"

కిష్టమ్మ ఒక కాయ తొడిమ తీసేంత సేపు ఆలోచించింది. "నడుస్తది. శోకానికి మనిషి దొరికితే అది ఇంకో దిక్కు పోదు. ఎవరు పండుకుంటరు?"

కృష్ణయ్యకు దుకాణం తలుపు వేయలేదని గుర్తొచ్చింది. బాలమణికి పొయ్యి మీద పప్పు గుర్తొచ్చింది. మిగతావాళ్లు ఏదీ గుర్తు రాక నేల చూశారు.

"నేను పండుకుంట," అన్నాడు మల్లయ్య.

కిష్టమ్మ ఆయన వైపు చూడలేదు. "యాసరూ, ఆయనకు చెప్పు. నేను శోకంల అబద్ధం ఆడ."

"ఎరికే. కానియ్యమను," అన్నాడు మల్లయ్య.

చాప వేశారు. పడుకునే మనిషి దొరికాక పోయినవాళ్లంతా తిరిగొచ్చారు. తల దక్షిణానికి ఉండాలని ఒకరు, నిజం పీనుగ కాదు గనక తూర్పుకు ఉండాలని ఒకరు వాదించారు. దవడకు గుడ్డ కట్టబోతే, దగ్గొస్తే ఊపిరాడదని మల్లయ్య ఒప్పుకోలేదు. తెల్లటి పంచె గడ్డం దాకా కప్పుకుని కళ్లు మూసుకున్నాడు. "ఎప్పుడు లేనంత బాగున్నవ్, మల్లయ్యా," అన్నాడు కృష్ణయ్య. యాసర్ అందరినీ ఊరుకోమని సైగ చేసి మీట నొక్కాడు.

కిష్టమ్మ కొంగు భుజాల మీదుగా కప్పుకుని తల పక్కన కూర్చుంది. తర్వాత ఎక్కడో ఏటి అవతల నుంచి వచ్చినట్టు గొంతు లేచింది.

"ఓ మల్లన్నో... ఓ నా అన్నో..."

పంచె కింద మల్లయ్య వేళ్లు బిగుసుకున్నాయి. ఆమె ఆయనతో మాట్లాడి ఎన్నో ఏళ్లయింది. మాట్లాడుతూనే అన్న అన్నది.

"ఏటికి ఎదురు పోయిన రెక్కలాయెనో అన్నో... ఆ రెక్కలు ఇయ్యాల నేలబడెనో అన్నో... నీ ఇంట్ల గిన్నె కడిగే దిక్కు లేకపాయెనో అన్నో... బాలమణి పురిటికి వాన నడుమ పుట్టి ఇడిస్తివో అన్నో... ఏరు మీదికొస్తే తెడ్డు ఇడవకపోతివో అన్నో..."

బాలమణి నిజంగానే ఏడ్చేసింది. పీనుగ మూసిన కంటి చివర నుంచి ఒక చుక్క జారి చెవిలోకి పోయింది. తన బతుకులో ఇంత సరుకుందని మల్లయ్యకు అంతవరకూ తెలియదు. ఇది చాలు, ఇప్పుడే పోయినా ఫర్వాలేదు అనుకున్నాడు. కానీ కిష్టమ్మ అబద్ధం ఆడనని ముందే చెప్పింది. ఒక వైపు అయిపోగానే రెండో వైపు అందుకుంది.

"కల్లు తాగితే ఒడ్డేదో ఏరేదో తెల్వకపాయెనో అన్నో... బండకు పుట్టి గట్టి ఊరొచ్చింది దిగుమంటివో అన్నో..."

ఎవరో కిసుక్కుమన్నారు.

"పెండ్లాం అలిగిపోతే, రమ్మని ఒక్కనాడు మక్తల్ తొవ్వ తొక్కకపోతివో అన్నో..."

పీనుగ బొటనవేళ్లు కదిలాయి. అయినా మల్లయ్య ఓర్చుకున్నాడు. నిజం నిజమే.

"నా నల్లమేక నీ పుట్టెక్కెనో అన్నో... ఈనబోయే మేకనో అన్నో... దాని తోక తొక్కితివో..."

"తొక్కలే," అన్నది పీనుగ, లేచి కూర్చుని.

కిష్టమ్మ రాగం ఆపింది గానీ కొంగు తీయలేదు. "నువ్వు సచ్చినవ్. పండుకో."

"సచ్చినా సరే, తొక్కలే. నీళ్లను చూసి నీ మేకకే తిక్క లేసింది."

"నువ్వు తొక్కంగ నా కండ్లతోని చూసిన."

"ఎట్ల చూస్తవ్? నీ వీపు నా దిక్కుండె."

"వీపు పెట్టింది మేక పోయినంక. అప్పటి దాక నీ మొకమే చూసుకుంట కూసుంటుంటి, నా కర్మ."

జనం ఇక ఆగలేదు. కృష్ణయ్య చాప అంచు మీదే కూలబడి నవ్వాడు. యాసర్ చేతులు ఊపి, అందరూ తగ్గాక, "కాకా, పండుకో. ఇంకోసారి మొదట్నుంచి చేద్దాం," అన్నాడు.

కిష్టమ్మ లేచి కొంగు దులుపుకుంది. "మొదట్నుంచా? ఎత్తుకున్న శోకం ఇడిసి, మల్ల మొదట్నుంచి ఎత్తుకుంటే ఇంకో పీనుగను పిలిచినట్టు. ఒక మనిషికి ఒక్కసారే ఎత్తుకుంట. ఈయనకు ఎత్తుకున్న. అయిపాయె. రేపు నిజంగ పోయినా నన్ను పిలవకుండ్రి." అని మిరపకాయల దగ్గరకు వెళ్లిపోయింది.

మల్లయ్య భుజాల మీద పంచెతో చాప మీదే ఉండిపోయాడు. బతుకులో దక్కే ఒకే ఒక్క శోకాన్ని మేక తోక కాడ పాడుచేసుకున్న సంగతి నెమ్మదిగా తలకెక్కింది.

మర్నాడు పుట్టిలో యాసర్‌ను బతిమాలుకున్నాడు. "నా మాటలు తీసెయ్యనీకె రాదా, కంప్యూటర్‌ల?"

వస్తుందని యాసర్ చెప్పాడు. కానీ హైదరాబాదు సార్లు విని పొట్ట పట్టుకుని నవ్వి, ఒక్క మాట కూడా కత్తిరించొద్దన్నారు. ఇంత జీవమున్న సంస్కృతి తమకు ఎక్కడా దొరకలేదట. అట్లాగే ఇంటర్నెట్‌లో పెట్టారు. దాన్ని గద్వాల కుర్రాళ్లు మెమరీ కార్డుల్లోకి ఎక్కించుకున్నారు. బస్టాండులో, టీ కొట్ల దగ్గర, పత్తి విత్తనాల దుకాణాల్లో కిష్టమ్మ శోకం మోగింది. మోగి, మేక దగ్గరకు రాగానే జనం గొల్లుమనేవాళ్లు. ఒడ్డున పుట్టి ఎక్కే ప్రతి కొత్త మనిషీ తెడ్డు వైపు చూసి, "తోక తొక్కిన మల్లయ్యవు నువ్వేనా?" అని అడిగేవాడు. తొక్కలేదని చెప్పి చెప్పి మల్లయ్య గొంతు పోయింది.

యాసర్‌కు జాలేసింది. మేక రాకముందే ఆగిపోయేలా కత్తిరించి ఒక సీడీ చేసి ఇచ్చాడు. తర్వాత కొన్నాళ్లకే అతని కంప్యూటర్‌ను వైరస్ తిన్నది, శోకం కత్తిరించిన సాఫ్ట్‌వేర్‌తో సహా. కత్తిరించిన శోకం లోకం మొత్తంలో ఆ సీడీలో తప్ప ఇంకెక్కడా లేకుండా పోయింది. మల్లయ్య దాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి, ఇంటి కప్పు వాసాల్లో దోపి, ఆ చోటు కృష్ణయ్యకు చూపించాడు.

"నేను పోయిన్నాడు ఇది నీ డీవీడీల పెట్టు."

"ఆనాడు కరెంటు లేకపోతే?"

"వచ్చే దాక మొయ్యకుండ్రి."

"ఎండకాలమైతే?"

మల్లయ్య బీడీ ముట్టించుకుని ఏటి వైపు నడిచాడు.

ఇంకో మార్పు కూడా వచ్చింది. పీనుగతోనైనా ఒకసారి మాట కలిసింది కాబట్టి కిష్టమ్మ మాట్లాడటం మానలేదు. వీపు పెట్టడం మానేసి ఎదురుగా కూర్చుని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా తిడుతూ వచ్చేది. తెడ్డు వేసే తీరు బాగాలేదు, చొక్కా ఉతకలేదు, బీడీ వాసన, మక్తల్ మనిషిని ఇప్పటికైనా పోయి చూడలేదు. మల్లయ్యకు ఒక్కోసారి ఆ వీపు గుర్తొచ్చి ప్రాణం ఉసూరుమనేది.

మరుసటి ఏడు అక్టోబరులో కృష్ణ లేచింది. ఎవరూ ఎరగనంతగా లేస్తుందని, దీవి ఖాళీ చేయాలని అధికారులు మోటారు బోటు పంపారు. మనుషులే ఎక్కాలి, పశువులు వద్దన్నారు. ఊరంతా ఎక్కింది. కిష్టమ్మ మాత్రం ఇంటి గడపలో మేకల తాళ్లు చేతికి చుట్టుకుని కూర్చుంది. మేకలు రాకపోతే తానూ రానన్నది. బోటాయన అరిచి, బతిమాలి, మళ్లొస్తానని మిగతావాళ్లతో వెళ్లిపోయాడు. అప్పటికి నీళ్లు వీధుల్లోకి వస్తున్నాయి.

మల్లయ్య పుట్టి విప్పుకుని వీధి మొదట్లో నిలబడ్డాడు. ఆయన ఇల్లు కుడివైపు, పల్లంలో. నీళ్లు గడప తాకాయి. కప్పులో సీడీ ఉంది. కిష్టమ్మ ఇల్లు ఎడమవైపు. రెండు దిక్కులా తిరిగేంత వ్యవధి ఏరు ఇచ్చేలా లేదు. వెళ్తున్న బోటులోంచి కృష్ణయ్య అరిచాడు, "సీడీ, మల్లయ్యా, సీడీ." మల్లయ్య తన ఇంటి వైపు ఒకసారి చూసి, ఒక బూతు మాట అని, ఎడమకు తిరిగాడు.

మేకలన్నిటినీ ఎక్కించి, చివర కిష్టమ్మను ఎక్కించాడు. కాలు పెట్టే చోటు లేదు. తెడ్డు పట్టుకుని నిలబడి కింద చూసుకున్నాడు. ఎటు చూసినా తోకలే.

"పెద్దదానా, నువ్వో పని చెయ్యి. అన్ని తోకలు నీ చేతుల పట్టుకో. నా కాలుకు దూరంగ."

కిష్టమ్మ మేకలను తన వైపు తిప్పుకుని, దొరికిన తోకలన్నీ గుప్పిట్లో పోగేసుకుంది. కొట్టుకొచ్చే చెట్ల నడుమ పుట్టి గిరగిరా తిరిగింది. మల్లయ్య ఒక అంచు నుంచి ఇంకో అంచుకు దాటేటప్పుడల్లా మునివేళ్ల మీద దాటాడు. ఎప్పుడూ దిగే చోటికి చాలా కింద, ఎవరిదో పత్తి చేనులోకి కొట్టుకొచ్చి ఆగారు. ఒక్క మేక కూడా దూకలేదు.

గద్వాలలో ఒక బడిలో దీవి జనానికి బస ఇచ్చారు. వాలీబాల్ స్తంభానికి కిష్టమ్మ మేకలు కట్టేసింది. తల్లి కుల్సుమ్‌బీ వండి పంపిన అన్నం గిన్నెలతో యాసర్ వచ్చాడు. ఏరు దిగాక చూసొచ్చినవాళ్లు మల్లయ్య ఇల్లున్న చోట ఇసుక మేట తప్ప ఏమీ లేదని చెప్పారు. మల్లయ్య వరండాలో, చేతిలో పళ్లెం పెట్టుకుని తినకుండా కూర్చున్నాడు.

"ఇంటర్నెట్‌ల ఉన్నది ఏడికి పోదు, కాకా," అన్నాడు యాసర్ ఓదార్పుగా. "ఎన్ని వరదలొచ్చినా ఉంటది."

"దాంట్ల నేను లేసి కూసుంట కద."

"అవ్, కూసుంటవ్."

"పీనుగ లేసి మేక కోసం కొట్లాడేది పెట్టి నన్ను మోస్తరా? నవ్వుకుంట మోస్తరా?"

యాసర్ ఇంకో గరిటె అన్నం వేసి పక్కకు తప్పుకున్నాడు. స్తంభం దగ్గర నుంచి కిష్టమ్మ అంతా వింటూనే ఉంది. వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఏమైంది? గట్ల మొకం ఏసుకోని కూసున్నవ్."

"ఏముంది. నా శోకం పాయె."

"ఏడికి పాయె? సగమే పెట్టిన. మేక కాడ ఆగింది."

"మొదట్నుంచి ఎత్తుకోనంటివి."

"మొదట్నుంచి ఎవరు ఎత్తుకుంటరు? మేక కాడికెల్లి అందుకుంట."

మల్లయ్య పళ్లెం కింద పెట్టాడు. చాలాసేపు ఆమె ముఖంలోకి చూసి, అది తిట్టు కాదని నిర్ధారించుకున్నాక అడిగాడు. "తోక తొక్కిననే అంటవా?"

"తొక్కినవు గాబట్టి అంట. ఈ మేకల ముచ్చట గూడ అంట. శోకంల ఏది దాయ."

మల్లయ్య జవాబు చెప్పడానికి నోరు తెరిచాడు. స్తంభం దగ్గర మేకలన్నీ తోకలతో సహా కులాసాగా నిలబడి ఉన్నాయి. నోరు మూసుకుని పళ్లెం అందుకున్నాడు.

"కాని ఒక మాట," అన్నది కిష్టమ్మ. "ఈసారి లెవ్వొద్దు."

"లెవ్వ," అన్నాడు మల్లయ్య, అన్నం కలుపుకుంటూ.